పెద్ద నగరంలో రాత్రి షికారు: ముందు తిరుగు దారి, తర్వాతే మిగతావి

రాత్రి పాడైందన్నవాళ్లను కారణం అడిగి చూడండి. పాటలు బాగాలేవనో, జనం లేరనో చెప్పేవాళ్లు తక్కువ. రాత్రి రెండు గంటలకు క్యాబ్ దొరక్క రోడ్డు మీద నిలబడ్డాం, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది, కొత్త బూట్లు కరిచాయి, ఐదుగురిలో ఇద్దరు ఎటు పోయారో తెలీలేదు అంటారు. ఇవన్నీ సాయంత్రం ఓ పావుగంట కూర్చుంటే తప్పిపోయేవే. కాకపోతే ఆ పావుగంట సాధారణంగా "ఎక్కడికెళ్దాం" అన్న మాటతో మొదలై అక్కడే అయిపోతుంది. "ఎలా తిరిగొస్తాం" అన్నది ముందు తేల్చుకోండి. ఏ పేటకు వెళ్లాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ఎంతవరకు తాగొచ్చు అన్నవి చాలావరకు దాన్నిబట్టే తేలిపోతాయి.

తిరుగు దారి

రాత్రి రైళ్ల సంగతి ఊరూరికీ మారుతుంది. న్యూయార్క్ సబ్‌వే 24 గంటలూ నడుస్తుంది. లండన్‌లో 2016 ఆగస్టులో మొదలైన నైట్ ట్యూబ్ (రాత్రంతా నడిచే మెట్రో) శుక్ర, శనివారాల రాత్రుళ్లు మాత్రమే, అదీ కొన్ని లైన్లలోనే. అదే ధీమాతో మంగళవారం వెళ్తే స్టేషన్ గేటు మూసి ఉంటుంది. టోక్యోలో ఆఖరి రైళ్లు అర్ధరాత్రి దాటిన కాసేపటికే వెళ్లిపోతాయి, మళ్లీ మొదటివి తెల్లవారుజామున ఐదు ప్రాంతంలో. అందుకే అక్కడివాళ్లు పన్నెండులోపు ఇల్లు చేరడమో, ఐదు దాకా ఉండిపోవడమో ముందే తేల్చుకుంటారు. మధ్యలో లేచారంటే ట్యాక్సీకి జేబు ఖాళీ అవుతుంది.

ఆఖరి రైలు టైమ్ ఒక్కటే చూసి ఊరుకోకండి. దారిలో రైలు మారాల్సి ఉంటే, అక్కడ ఎక్కాల్సిన రెండో రైలు అప్పటికి ఉంటుందా అన్నది ముఖ్యం. మ్యాప్‌లో "ఇప్పుడు" అని కాకుండా రాత్రి 12:30కి బయల్దేరుతున్నట్టు పెట్టి వెతకండి. తేదీ మార్చడం మర్చిపోవద్దు. పన్నెండు దాటితే అది మర్నాడు. శనివారం రాత్రి అనుకుని శనివారం తేదీతో 12:30 అని కొడితే, ముందురోజు రాత్రి టైమింగ్స్ చూపిస్తుంది. నైట్ బస్సులకు పగటి బస్సుల రూటే ఉండాలని లేదు. స్టాపు ఎక్కడో వెలుతురు ఉండగానే కళ్లతో చూసుకోండి.

క్యాబ్ మీద ఆధారపడేవాళ్లకు ఒక లెక్క. క్లబ్బులన్నీ ఇంచుమించు ఒకే టైమ్‌కి మూస్తారు, జనమంతా ఒకేసారి రోడ్డెక్కుతారు, కార్లు అన్నే ఉంటాయి. రేటు ఆకాశానికి ఎక్కేది అప్పుడే. మూసే టైమ్‌కి అరగంట ముందే బయటపడండి. లేదంటే ఏదైనా తింటూ ఓ 40 నిమిషాలు ఆగండి. క్లబ్ గుమ్మం ముందే బుక్ చేస్తే డ్రైవర్ ఆ రద్దీలోకి రాలేక క్యాన్సిల్ చేస్తాడు. మూడు నాలుగు వందల మీటర్లు నడిచి, దీపాలున్న పెద్దరోడ్డు మీద, పేరు సులువుగా చెప్పగలిగే బిల్డింగ్ ముందు నుంచి పిలవండి. బండి నంబరు, డ్రైవర్ ఫోటో సరిపోలాకే ఎక్కండి. "మీ పేరు ఫలానా కదా" అని మీరు అడగకూడదు, ఎవరైనా అవునంటారు. "ఎవరి కోసం వచ్చారు?" అనాలి. ట్రిప్ లింకును ఇంట్లో మెలకువగా ఉండేవాళ్లకు పంపండి. నిద్రపోయేవాళ్లకు పంపితే అది వాళ్ల ఫోన్‌లో పడి ఉండటం తప్ప ఉపయోగం లేదు.

ఒకే పేట, మూడు చోట్లు

పటం మీద ఊరంతా దగ్గరగానే కనిపిస్తుంది. ఐదుగురు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారాలంటే బిల్లు కట్టడం, బాత్రూమ్, బండి, మళ్లీ క్యూ అన్నీ కలిపి 40 నిమిషాలు ఇట్టే పోతాయి. రాత్రికి మూడు చోట్లకు మించి పెట్టుకుంటే సగం రాత్రి గుమ్మాల ముందే గడుస్తుంది. ఒకదానికొకటి పది నిమిషాల నడకలో ఉన్నవి ఎంచుకోండి: తిండికి ఒకటి, కూర్చుని మాట్లాడుకోడానికి ఒకటి, ఆటపాటకు ఒకటి. మూడోది బాగోకపోతే రెండోదానికి నడిచి వెనక్కి రావచ్చు.

వారం చూసుకోవడం కూడా ఒక విద్యే. శనివారం జనం ఎక్కువ, రేటు ఎక్కువ, ఓపిక తక్కువ. గురువారం చాలా ఊళ్లలో అదే పాట, సగం క్యూ. ఆదివారం, సోమవారం రాత్రుళ్లు క్లబ్బులకు నీరసం గానీ చిన్న జాజ్ బార్లకు, ఓపెన్ మైక్‌లకు మంచివి.

క్లబ్ గడియారం వేరు. పదింటికి తలుపులు తెరిచారంటే పదింటికే హుషారు మొదలైందని కాదు. ముందు వాయించే డీజే పని గదిని నెమ్మదిగా వేడెక్కించడం. పోస్టర్ మీద పెద్దక్షరాల్లో పేరున్న మనిషి చాలాచోట్ల ఒంటిగంట, రెండు మధ్య ఎక్కుతాడు. ఎవరు ఎప్పుడన్నది నిర్వాహకులు అదే రోజు సాయంత్రం సోషల్ మీడియాలో పెట్టడం మామూలు. అది చూసుకుని, అసలు మనిషి ఎక్కడానికి గంట ముందు లోపల ఉండేలా వెళ్లండి. అంతకంటే ముందొస్తే ఖాళీ హాల్లో కూర్చుని రెండు డ్రింకులు అనవసరంగా తాగుతారు. ఆ తర్వాతైతే క్యూలోనే పాట వినాలి.

సాయంత్రం నిద్ర తీయదల్చుకుంటే 20 నిమిషాలు, లేదా గంటన్నర. మధ్యలో లేస్తే గాఢనిద్రలోంచి లేచినట్టుండి గంటసేపు మబ్బుగా ఉంటుంది. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పదకొండింటికి తాగిన కాఫీ నాలుగింటికి కూడా సగం పనిచేస్తూనే ఉంటుంది.

జేబులు, కాళ్లు, ఫోను

బూట్లు పాతవే. ఒక రాత్రిలో ఏడెనిమిది కిలోమీటర్లు నడిచినా ఆశ్చర్యం లేదు, పైగా నిలబడటం. చాలా క్లబ్బులు చెప్పులను, స్పోర్ట్స్ షూలను ఒప్పుకోవు. కాబట్టి మెత్తబడిన తోలు బూట్లు ఒక జత ఇందుకోసమే ఉంచుకోవడం మేలు.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అని రాసి ఉన్నా, వోల్టేజ్ మార్పులో, వేడిలో పోగా చేతికొచ్చేది ఆరేడు వేలు. అంటే ఈ రోజుల ఫోన్ ఒకసారి నిండి కొంచెం మిగులుతుంది. ఇద్దరికి ఒకటి చాలదు. టికెట్ క్యూఆర్ కోడ్‌ను ఇంట్లోనే స్క్రీన్‌షాట్ తీసుకోండి. గుమ్మం దగ్గర వందలమంది ఒకే టవర్ మీద పడి నెట్ కదలదు. ఆ ప్రాంతం మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఒక ఫోన్ నంబరైనా కాగితం మీద రాసి పర్సులో పెట్టండి. ఫోన్ పోయిన రాత్రి సొంత నంబరు తప్ప ఎవరిదీ గుర్తురాదు.

ఒక కార్డు, కొంచెం నగదు ఒక జేబులో, ఇంటికి చేరడానికి సరిపడా డబ్బు వేరే జేబులో. రెండోది ముట్టకూడదు. బార్‌లో ట్యాబ్ (చివర్లో ఒకేసారి కట్టే ఖాతా) తెరిచి కార్డు ఇస్తే కొంత సొమ్ము ముందుగానే బ్లాక్ చేస్తారు. అది కొన్నాళ్లకు విడుదలవుతుంది గానీ ఆ రాత్రికి కార్డులో బ్యాలెన్స్ తగ్గినట్టే. బిల్లు కట్టేటప్పుడు సర్వీస్ చార్జి వేశారేమో చూడండి, వేస్తే టిప్పు మీ ఇష్టం. ఐదుగురు కలిసి తాగాక బిల్లు పంచుకోవడం అన్నది స్నేహాలకు మంచిది కాదు. మొదట్లోనే తలా ఇంత ఒకరి దగ్గర వేసి, ఆ డబ్బు అయిపోయాక ఆపేయడం హాయి.

గుమ్మం దగ్గర

లోపలికి పంపకపోవడానికి కారణాలు చాలావరకు నాలుగే. గుర్తింపు కార్డు అసలుది లేకపోవడం (ఫోన్‌లో ఫోటో చాలాచోట్ల చెల్లదు), డ్రెస్ కోడ్, అప్పటికే తూలుతూ ఉండటం, ఆరేడుగురు మగవాళ్లు గుంపుగా రావడం. చివరిది రూల్‌గా ఎక్కడా రాసి ఉండకపోవచ్చు, జరగడం మాత్రం జరుగుతుంది. గెస్ట్ లిస్ట్‌లో పేరున్నా దానికొక టైమ్ ఉంటుంది. పదకొండులోపు అంటే 11:05కి మామూలు టికెట్టే, ఆలస్యం వాళ్ల క్యూ వల్లే అయినా సరే. బౌన్సర్‌తో వాదించి లోపలికి వెళ్లినవాళ్లు లేరు. కాదంటే ఒక్కసారి మర్యాదగా కారణం అడిగి పక్కచోటుకు నడవండి. ఒకే పేటలో ఉండమన్నది ఇందుకు కూడా.

లోపలికి వెళ్లేముందే మళ్లీ బయటికి వస్తే రానిస్తారా అని అడగండి. కోటు, బ్యాగు క్లోక్‌రూమ్‌లో ఇచ్చాక టోకెన్‌ను ఫోటో తీసుకోండి. కొన్ని చోట్ల, ముఖ్యంగా బెర్లిన్ క్లబ్బుల్లో, ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు. అది పీకితే బయటికి పంపుతారు. అక్కడ ఎవరూ ఎవర్నీ ఫోటో తీయరన్న భరోసాతోనే జనం మనసారా ఆడతారు, చిరాకు పడాల్సిందేమీ లేదు.

లోపల: రెండు నిమిషాల పని

తాగడానికి ముందు, కూర్చోడానికి ముందు, మీరు వచ్చిన తలుపు కాకుండా ఇంకో తలుపు ఎక్కడుందో చూడండి. ప్రమాదం జరిగితే జనమంతా వచ్చిన దారినే పరిగెడతారు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ది స్టేషన్ అనే నైట్ క్లబ్‌లో వేదిక మీది బాణసంచా నిప్పు గోడల ఫోమ్‌కు అంటుకుంది. ఎక్కువమంది ముందు తలుపు వైపే వెళ్లి అక్కడే ఇరుక్కుపోయారు. 100 మంది చనిపోయారు. రెండో తలుపుకు తాళం ఉన్నా, దాని ముందు కుర్చీలు పేర్చి ఉన్నా, ఆ చోటు మానేయడానికి అదొక్కటే చాలు. జనం మధ్య చేతులు పైకెత్తలేనంత ఇరుకైతే పాట ఎంత బాగున్నా పక్కకు జరగండి. ఎదురు నెట్టకుండా, జనం తోపు తగ్గినప్పుడు ఏటవాలుగా అంచు వైపు కదలాలి. చేతులు ఛాతీ ముందు బాక్సర్‌లా పెట్టుకుంటే ఊపిరి ఆడటానికి చోటుంటుంది.

చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు. 85 డెసిబెల్స్ మోతను 8 గంటలు భరించవచ్చని వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చెప్తాయి. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గడువు సగమవుతుంది. 94కి గంట, 100కి పావుగంట. డాన్స్ ఫ్లోర్ మీద 100 మామూలు సంగతి. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్యిమంటుంటే హద్దు దాటినట్టే. మెత్తని ఫోమ్ ఇయర్ ప్లగ్స్ బాగా ఆపుతాయి గానీ పాట దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. సంగీతం కోసం చేసే ఫిల్టర్ ప్లగ్స్ అయితే అన్ని స్వరాలనూ సమానంగా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి. మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. ఫోమ్‌వి పెట్టుకునే తీరు: వేళ్లతో సన్నగా నలపాలి, రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి, లోపలికి తోసి అర నిమిషం పట్టి ఉంచాలి. పట్టి ఉంచకపోతే బయటికి తన్నుకొస్తాయి. ప్లగ్స్ లేకపోతే స్పీకర్లకు దూరంగా ఉండి, గంటకోసారి పది నిమిషాలు బయటికి రండి.

తాగేవాళ్లకు లెక్క

గ్లాసులు లెక్కపెట్టడం మోసం, గ్రాములు లెక్కపెట్టాలి. 40 శాతం ఉన్న మందు 30 మి.లీ.లో దాదాపు 9.5 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, లార్జ్‌లో (60 మి.లీ.) 19. 330 మి.లీ. బీరు 5 శాతమైతే 13. అదే 650 మి.లీ. సీసా 8 శాతం స్ట్రాంగ్ అయితే 41, అంటే రెండు లార్జ్‌లకు పైనే. "నేను బీరే తాగాను" అనేవాళ్లు ఎందుకు తూలుతారో ఇక్కడే ఉంది. ఒళ్లు గంటకు కరిగించేది ఇంచుమించు 7 నుంచి 10 గ్రాములు, దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మకాయ ఏవీ ఆ వేగాన్ని పెంచవు. తొమ్మిదింటికి మొదలుపెట్టిన నాలుగు లార్జ్‌లు పూర్తిగా పోయేసరికి ఉదయం ఐదు నుంచి ఎనిమిది మధ్య అవుతుంది. ఏడింటికి బండి తీస్తే నిన్నటి మందుతోనే నడుపుతూ ఉండొచ్చు. చట్టం ఒప్పుకునే హద్దు 100 మి.లీ. రక్తంలో ఇండియాలో 30 మిల్లీగ్రాములు, ఫ్రాన్స్, జర్మనీల్లో 50, ఇంగ్లండ్‌లో 80. ఈ అంకెల అంచున నడవాలని చూడకండి, ఆ రాత్రికి బండి ఇంట్లోనే ఉండాలి.

పరగడుపున తాగితే ఆల్కహాల్ పొట్టలో ఆగకుండా చిన్నపేగుకు జారి, అక్కడ వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది. గంట ముందు కొవ్వు, మాంసకృత్తులు ఉన్న భోజనం చేస్తే అది నెమ్మదిస్తుంది. తాగాక తినడం ఆలస్యంగా గొడుగు తెరవడం లాంటిదే. ఒక డ్రింకు, ఒక గ్లాసు నీళ్లు అన్న పాత సలహా వల్ల మత్తు తగ్గదు. కానీ వేగం తగ్గుతుంది, రేపటి దాహం తగ్గుతుంది. ఎనర్జీ డ్రింకుతో కలిపితే నిద్ర మాత్రమే పోతుంది, మత్తు అలాగే ఉంటుంది. అందుకే అది మరీ ప్రమాదం: బాగానే ఉన్నానని అనిపిస్తూ ఇంకా తాగిస్తుంది.

గ్లాసు వదిలి డాన్స్‌కు వెళ్తే తిరిగొచ్చాక అది పారబోయడమే. తాగినదానికి మించి, ఒక్కసారిగా, తల తిరుగుతుంటే మొహమాటపడకుండా వెంటనే స్నేహితులకో బార్ సిబ్బందికో చెప్పండి, ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లొద్దు. బ్రిటన్‌లో చాలా బార్లలో "ఏంజెలా ఉందా" అని అడిగితే సాయం కావాలని సిబ్బందికి అర్థమవుతుంది. 2016లో లింకన్‌షైర్‌లో మొదలైన పద్ధతి అది. లేబుల్, సీలు లేని చౌక మందు ముట్టకూడదు. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసి ఉంటే చూపు మసకబారడం లాంటి లక్షణాలు చాలా గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి. హ్యాంగోవర్ అనుకుని పడుకుంటారు, చూపు పోతుంది.

ఎవరైనా పడిపోయి లేపినా లేవకపోతే "పడుకోనీ, దిగుతుంది" అనకండి. నిద్రలో కూడా పొట్టలో ఉన్న మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి, తల కొంచెం వెనక్కి వంచి పెట్టండి. ఎంత లేపినా లేవకపోవడం, నిమిషానికి 8 కంటే తక్కువ ఊపిరి, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటడం, పెదాలు నీలంగా మారడం: ఈ నాలుగింటిలో ఒక్కటి కనిపించినా అంబులెన్స్. ఇండియాలో, ఐరోపా దేశాల్లో 112, అమెరికాలో 911. వాళ్లను వదిలి కదలొద్దు.

మందు లేని రాత్రి

తాగనివాళ్లు స్నేహితుల పక్కన కూర్చుని సోడా తాగుతూ గడియారం చూసుకోనక్కర్లేదు. రాత్రి పూట ఊరు చూపించేవి బోలెడు. బెర్లిన్‌లో 1997లో మొదలైన మ్యూజియంల సుదీర్ఘ రాత్రి, ప్యారిస్‌లో 2002 నుంచి జరుగుతున్న న్యూయి బ్లాంష్ అనే రాత్రంతా సాగే కళల పండుగ లాంటివి ఇప్పుడు చాలా నగరాల్లో ఏడాదికోసారి జరుగుతాయి. ఏడాది పొడవునా వారంలో ఒక రోజు పొద్దుపోయేదాకా తెరిచి ఉంచే మ్యూజియంలూ ఉన్నాయి. ఆ రోజు ఆఖరి గంటన్నరలో వెళ్తే పేరున్న చిత్రాల ముందు కూడా మీరొక్కరే ఉంటారు.

చిన్న జాజ్ క్లబ్బులో సాధారణంగా రాత్రికి రెండు సెట్లు. రెండోదానికి జనం తక్కువ, వాయించేవాళ్ల చేతులు వదులవుతాయి, ఎంచుకోమంటే అదే. పాట జరుగుతుండగా మాట్లాడితే పక్కవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఒకరి సోలో అయ్యాక పాట మధ్యలోనే చప్పట్లు కొట్టడం అక్కడి పద్ధతి. స్టాండప్ కామెడీకి ముందు వరుస ఖాళీగా ఉందంటే ఊరికే లేదు: అక్కడ కూర్చుంటే మీరు కూడా ప్రోగ్రామ్‌లో భాగమే. ఊరిని ఎత్తు నుంచి చూడాలనుకుంటే సూర్యాస్తమయానికి 20 నిమిషాల ముందు పైకెక్కి, చీకటి పడ్డాక దిగండి. పూర్తి చీకట్లో ఫోటోలో దీపాల చుక్కలే మిగులుతాయి. సూర్యుడు దిగాక 20 నుంచి 30 నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉన్నప్పుడు భవనాల అంచులు కూడా కనిపిస్తాయి. అద్దానికి ఫోన్ ఆనించి పట్టుకుంటే ప్రతిబింబం రాదు, చెయ్యి వణకదు.

గుంపును నిలబెట్టడం

నలుగురు మంచి సంఖ్య: ఒక బండిలో పడతారు, ఇద్దరిద్దరుగా విడిపోయినా ఎవరూ ఒంటరి కారు. ప్రతి చోటా లోపలికి వెళ్లగానే కలుసుకునే చోటు చెప్పుకోండి. "బార్ దగ్గర" అంటే కుదరదు, "క్లోక్‌రూమ్ ఎడమ పక్క స్తంభం" అనాలి. ఫోన్ పనిచేయకపోతే ప్రతి గంటకీ అక్కడికి రావడం. ముందే వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లొచ్చు, కానీ ఒకరికి మొహం చూసి చెప్పి వెళ్లాలి. గ్రూపులో మెసేజ్ పెట్టడం లెక్కలోకి రాదు, దాన్ని చదివేది రేపు మధ్యాహ్నం. ఒకరు తాగకుండా ఉండటం మంచిది, కానీ ప్రతిసారీ ఆ ఒక్కరేనా? వంతులు వేసుకోండి.

మూడు నుంచి ఐదు మధ్య ఒంటి గడియారం అట్టడుగుకు పోతుంది. "ఇంకో చోటుకు పోదాం" అన్న ఆలోచనలు అప్పుడే వస్తాయి, అవి అరుదుగా బాగుంటాయి. ఆ వేళకు వేడివేడిగా ఏదైనా తిని, ముందు అనుకున్న దారినే ఇంటికి పోవడం సుఖం. అందరూ ఇళ్లకు చేరినట్టు ఒకరికొకరు చెప్పుకున్నాకే ఫోన్ చార్జింగ్‌కు పెట్టండి. కోటో, కార్డో మర్చిపోయి వస్తే పొద్దున్నే ఫోన్ చేయకండి, అప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. మధ్యాహ్నం శుభ్రం చేసే సిబ్బంది వచ్చే వేళకు, టోకెన్ ఫోటో చేతిలో పట్టుకుని చేయండి. కార్డు అయితే మాత్రం ఆ ఫోన్ కంటే ముందు బ్యాంకు యాప్‌లో తాత్కాలికంగా బ్లాక్ చేయండి, దొరికితే మళ్లీ తెరుచుకోవచ్చు.